సెలవులకు పిలకాయలు దిగకముందే కార్టు ఆటను సర్దిపెట్టుకోండి

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. ఆ మరుసటి రోజే చిత్తూరు నుంచి ఇద్దరు, పలమనేరు నుంచి ఒకరు, మదనపల్లె నుంచి ఇద్దరు తిరుపతిలో మా ఇంటికి దిగిపోతారు. ఐదేళ్ల పాప మొదలు పద్నాలుగేళ్ల అబ్బాయి దాకా ఉంటారు. గడప దాటితే ఎండ మాడ్చేస్తుంది కాబట్టి అందరూ టీవీ ముందే. ఉండేది ఒక నింటెండో స్విచ్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్, దాంట్లో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే బండ్ల పందెం ఆట. ఒకే తెరను నాలుగు ముక్కలు చేసుకుని నలుగురు ఆడొచ్చు, మిగిలినవాళ్లు వంతు కోసం కాచుకోవాలి.

మూడు వేసవులుగా చూస్తున్నాను. ఆ ఆట దగ్గర వచ్చే ఏడుపులు, తగిలే దెబ్బలు, పాడయ్యే సామాన్లు, వీటిలో ఎక్కువ భాగానికి పిలకాయల అల్లరి కారణం కాదు. చేతికి ఇచ్చేముందు మనం చూడకుండా వదిలేసిన సెట్టింగులే కారణం. ఈ ఏడు మీ ఇంటికీ పిలకాయలు వచ్చేట్టుంటే, వాళ్లు దిగకముందే ఒక సాయంత్రం కూర్చుని ఇవన్నీ సరిచూసుకోండి.

ముందు చూడాల్సింది స్మార్ట్ స్టీరింగ్. ఇది ఆట కొన్నప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది. బండి రోడ్డు అంచు దాటబోతే ఆటే పట్టుకుని లోపలికి తిప్పుతుంది. ఐదేళ్ల పాపకు ఇది వరం. లోయలో పడదు, నీళ్లలో పడదు, మూడు చుట్లూ పూర్తి చేసి చప్పట్లు కొడుతుంది. అదే సహాయం పద్నాలుగేళ్లవాడికి శత్రువు. పోయిన వేసవిలో మా అన్న కొడుకు గడ్డి మీదుగా అడ్డదారి పడదామని పుట్టగొడుగు (ఆటలో దొరికే, బండికి ఒక్కసారిగా వేగం ఇచ్చే వస్తువు) వాడాడు. బండి మొండికేసి మళ్లీ రోడ్డు మీదికే వచ్చింది. మళ్లీ పోయాడు, మళ్లీ అంతే. "అత్తా, ఇది నన్ను పోనీయట్లేదు, తొండాట ఆడతా ఉంది" అని చేతిలోది సోఫా మీదికి విసిరి లేచిపోయాడు. వాడి బండి వెనక ఒక చిన్న యాంటెనా నిలబడి ఉంది. అది కనిపిస్తే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉన్నట్టే. ఆ విషయం నాకే అప్పటికి తెలియదు, ఇక వాడికెట్లా తెలుస్తుంది?

ఇంకో సంగతి ఉంది. డ్రిఫ్ట్ చేస్తూ, అంటే బండిని పక్కకు జారిస్తూ మలుపు తిరుగుతుంటే చక్రాల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. మొదట నీలం, తర్వాత నారింజ, ఇంకా పట్టుకుంటే గులాబీ. గులాబీ రవ్వలు వచ్చినాక వదిలితే బండి అన్నిటికంటే ఎక్కువసేపు దూసుకుపోతుంది. స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంటే ఆ గులాబీ రవ్వలు రావు. కాబట్టి పెద్ద పిల్లలకు అది ఆఫ్ చేయకుండా "బాగా ఆడు" అంటే న్యాయం కాదు.

దీన్ని మార్చేది బండి, చక్రాలు ఎంచుకునే తెర దగ్గర. అక్కడ ప్లస్ బటన్ నొక్కితే బండి లెక్కలతోపాటు మూడు చిన్న బొమ్మలు కనిపిస్తాయి: స్మార్ట్ స్టీరింగ్, టిల్ట్, ఆటో యాక్సిలరేట్. నలుగురు ఆడుతున్నప్పుడు ఎవరి బొమ్మలు వాళ్లకే ఉంటాయి. ఒకరికి మారిస్తే అందరికీ మారిపోదు. కంట్రోలర్ చేతులు మారిన ప్రతిసారీ ఆ తెర దగ్గర ఒక్క క్షణం ఆగి చూడమని పిలకాయలకే నేర్పండి. రేసు మధ్యలో గుర్తొస్తే ప్లస్ నొక్కి ఆపి కూడా మార్చుకోవచ్చు.

ఆటో యాక్సిలరేట్ అంటే 'A' బటన్ నొక్కిపట్టే పని లేకుండా బండి తనంతట తాను ముందుకు పోవడం. మామూలుగా రేసు మొత్తం బొటనవేలితో 'A' నొక్కే ఉంచాలి. మా అమ్మకు ఆ వేలి కీలు నొప్పి. పిలకాయలు "అవ్వా, నువ్వూ రా" అని లాగితే ఒక రేసు ఆడి చెయ్యి దులుపుకునేది. ఇది ఆన్ చేసి ఇచ్చినాక వరసగా నాలుగు రేసులు, అంటే ఒక కప్పు మొత్తం కూర్చుని ఆడింది. గెలుపు లెక్క పెట్టుకోలేదు, మనవరాలి బండి పక్కనే తన బండి పోతే చాలని ఆడింది. చిన్న వేళ్లకూ, నొప్పుల వేళ్లకూ మొహమాటం లేకుండా ఇది ఆన్ చేయండి.

టిల్ట్ దగ్గర మాత్రం ఎక్కువమంది మోసపోతారు. ఇది ఆన్‌లో ఉంటే చేతిలోని కంట్రోలర్‌ను స్టీరింగులా వంచితే బండి తిరుగుతుంది. పాప సోఫాలో పక్కకు ఒరిగి కూర్చుంటుంది, కంట్రోలర్ కూడా ఒరుగుతుంది, బండి అదే పనిగా గోడకేసి పోతుంది. మనమేమో "స్టిక్కు (బండిని తిప్పే చిన్న పుల్ల) చెడిపోయింది" అనుకుని రిపేరు షాపు వెతుక్కుంటాం. ముందు టిల్ట్ ఆఫ్ చేసి చూడండి. అప్పటికీ బండి ఒకవైపే లాగుతుంటే కన్సోల్ సెట్టింగుల్లో కంట్రోలర్ల విభాగానికి పోయి స్టిక్కు క్యాలిబ్రేషన్ (స్టిక్కును సరిచూసే తెర) తెరవండి. వేలు తీసేసినా తెరమీది చుక్క మధ్యలో నిలవకపోతే అది నిజంగా స్టిక్కు జబ్బే.

ఆ జబ్బుకు మన జిల్లాల్లో వేసవి ఒక కారణం జోడిస్తుంది, అది మామిడి. మే నెలలో ఇంటి నిండా బేనీషా, తోతాపురి. రసం కారే చేత్తో జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) పట్టుకుంటారు, స్టిక్కు మొదలు దగ్గర రసం చేరి ఎండి బంకలా పడుతుంది. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. పిండిన గుడ్డతో పైపైన తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టండి. అంతకంటే మేలైన పని ఒకటుంది. మా ఇంట్లో టీవీ గది గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు, తువ్వాలు పెట్టాను. మామిడిపండు తిన్నవాళ్లు చేతులు కడిగి, తుడుచుకుని కూర్చోవాలి. తినేది ఒకచోట, ఆడేది ఒకచోట అని మొదటిరోజే చెప్పండి.

ఇప్పుడు మణికట్టు పట్టీ. దీని గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఒక కంట్రోలర్‌ను అడ్డంగా పట్టుకుని ఆడేటప్పుడు దాని అంచున ఉండే ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ బటన్లు చాలా చిన్నవి. ఎస్‌ఎల్‌తో వస్తువు విసరాలి, ఎస్‌ఆర్‌తో డ్రిఫ్ట్ చేయాలి. పట్టీ ముక్కను ఆ అంచుకు తొడిగితే దాని మీదుండే పెద్ద బటన్లు వేళ్లకు బాగా అందుతాయి. చాలామంది దాన్ని అలంకారం అనుకుని డబ్బాలోనే వదిలేస్తారు. మేమూ వదిలేశాం. రెండేళ్ల కిందట ఆఖరి చుట్టులో నీలం చిప్ప (ఆటలో ముందున్నవాణ్ని వెతుక్కుంటూ వచ్చి కొట్టేది) వచ్చి కొట్టగానే పలమనేరు పిల్లాడు చెయ్యి ఎగరేశాడు, చెమట చేతిలోంచి జారిన కంట్రోలర్ టీవీకి తగిలింది. తెర మూలలో సాలెగూడులా చీలిక వచ్చింది. వాడు ఆ రోజంతా అన్నం తినలేదు. వాణ్ని ఏమీ అనలేకపోయాను. పట్టీ డబ్బాలో ఉండింది, అది తీసివ్వాల్సింది నేను.

తొడిగేటప్పుడు ఒక్కటి గమనించండి. పట్టీ మీద ప్లస్ గుర్తు, మైనస్ గుర్తు ఉంటాయి. జాయ్‌కాన్ మీదున్న గుర్తుతో అదే కలవాలి. తిరగేసి తోస్తే పోతుంది గానీ ఇరుక్కుపోతుంది, బలంగా లాగితే అంచు విరుగుతుంది. సరిగ్గా తొడిగినాక కింద చిన్న లాకు జరపండి, తాడు మణికట్టుకు బిగించండి. ఆడేవాళ్ల మధ్య చెయ్యి చాపినంత ఎడం ఉండాలి.

ఎండ గురించి. నింటెండో వాళ్లు స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని చెబుతారు. మే నెల తిరుపతిలో ఎండ 40 దాటుతుంది, పైన ఇంకో అంతస్తు లేని గదిలో మిద్దె కాగి మధ్యాహ్నం మూడు గంటలకు గోడ ముట్టుకున్నా సెగే. కన్సోల్ పైభాగంలో గాలి బయటకు పోయే సందులుంటాయి. మనవాళ్లకు టీవీ మీద, డబ్బాల మీద కుట్టుపని గుడ్డ కప్పే అలవాటుంది. కన్సోల్ మీద ఆ గుడ్డ వేయొద్దు. అద్దాల షోకేసులో మూసిపెట్టొద్దు, టీవీ వెనక ఇరికించొద్దు. వెనక దాస్తే వేడితోపాటు కంట్రోలర్ల సిగ్నల్ కూడా దెబ్బతిని బటన్లు ఆగి ఆగి పలుకుతాయి. కూలర్ ఉంటే ఆ తడిగాలి నేరుగా కన్సోల్ మీదికి తగలనీయొద్దు. మా ఇంట్లో ఆట పొద్దున పదకొండు లోపు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. మధ్యలో క్యారమ్స్, నిద్ర.

మే నెలలో సాయంత్రం పూట శేషాచలం వైపు నుంచి ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఉరుములు మొదలవుతాయి. మొదటి ఉరుము వినగానే టీవీ, కన్సోల్ ప్లగ్గులు రెండూ పీకేయండి. గోడమీది స్విచ్చి ఆపితే చాలనుకోవద్దు. కన్సోల్‌లో బ్యాటరీ ఉంటుంది, దాన్ని డాక్‌లోంచి (టీవీకి కలిపే స్టాండులోంచి) తీసి చేతిలో పట్టుకుని ఆడుకోవచ్చు. చార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేదే, కానీ చాలా కన్సోళ్లు బయటి దేశాల నుంచి వచ్చినవి కాబట్టి పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి. వదులుగా ఊగే చౌక అడాప్టరులో గుచ్చితే నిప్పురవ్వలు నిజంగానే వస్తాయి. బిగుతుగా పట్టేది కొనండి.

టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి. అది లేకపోతే టీవీ బొమ్మను నునుపు చేసే పనిలో పడి, నొక్కిన బటన్‌కు బండి ఆలస్యంగా కదులుతుంది. మలుపు తప్పిపోయిన పిల్ల "నేను నొక్కినా" అంటుంది, నిజంగానే నొక్కి ఉంటుంది. తెర అంచులు కోసుకుపోయి పక్కనున్న అంకెలు కనబడకపోతే కన్సోల్ టీవీ సెట్టింగుల్లో తెర సైజు సర్దుకోవచ్చు.

వేగం సంగతి. మొదటి రోజు అందరికీ 50సీసీ, అంటే ఆటలో అన్నిటికంటే తక్కువ వేగం. అన్నీ చేతికొచ్చినాక 100, 150. 200సీసీకి పోవాలంటే 'B' బటన్, అంటే బ్రేకు వాడటం రావాలి. మా పిలకాయలకు ఘాట్‌రోడ్డు గుర్తుచేసి నేర్పాను. కొండెక్కే బస్సు డ్రైవరు మలుపులోకి పోయినాక బ్రేకు వేయడు, మలుపు కనబడగానే వేగం తగ్గిస్తాడు కదా, నువ్వూ అంతే చెయ్యి అన్నాను. రెండు రోజుల్లో పట్టేశారు.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ఆడించేముందు డాక్టరును అడగండి. మెరిసే వెలుగులకు దాదాపు 4000 మందిలో ఒకరికి ఫిట్సు రావచ్చని కంపెనీయే హెచ్చరిస్తుంది. గదిలో లైటు వేసే ఉంచండి, టీవీకి దూరంగా కూర్చోబెట్టండి. తల తిరుగుతోంది, వాంతి వచ్చేట్టుంది అన్న పిల్లను "ఇంకొక్క రేసే" అని బతిమాలొద్దు. వెంటనే లేపి గాలికి కూర్చోబెట్టండి. గంటకొకసారి పది పదిహేను నిమిషాల విరామం అందరికీ. ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ పెట్టుకుంటే రోజుకు ఎంతసేపో ముందే చెప్పొచ్చు. గడువు దాటితే ఆట తనంతట ఆగిపోయే పద్ధతి కూడా దాంట్లో ఉంది గానీ నేను వాడను. ఆఖరి చుట్టులో తెర ఆగిపోతే ఆ ఏడుపు గంటసేపు తగ్గదు. అలారం మాత్రం మోగేట్టు పెట్టి, మోగినాక ఉన్న రేసు పూర్తి చేసి లేవాలన్నది మా ఇంటి ఒప్పందం.

పిలకాయలు వచ్చే ముందురోజు రాత్రి జాయ్‌కాన్లు చార్జింగుకు పెట్టండి. పూర్తిగా నిండటానికి మూడున్నర గంటలు పడుతుంది, ఆ తర్వాత ఇరవై గంటల దాకా వస్తాయి. పొద్దున్నే నాలుగూ కన్సోల్‌కు జత చేసి, అంచున వెలిగే చిన్న ఆకుపచ్చ దీపాలను చూడండి. ఒక దీపం వెలిగితే మొదటి ఆటగాడు, రెండు వెలిగితే రెండో ఆటగాడు. ఏది ఎవరిదో పేరు రాసిన బిళ్ల అంటించి, పట్టీలు తొడిగి, టీవీ పక్కన మేకుకు వరసగా తగిలించండి. చిన్నపాపది అన్నిటికంటే కిందుండాలి, దాని చేతికి అందేట్టు.