లేని ఊరికి అడ్రస్ పట్టుకోవడం: పోయిన పల్లె చరిత్రని దాని పోస్టాఫీసు నుంచి ఎలా లాగాలి

మన గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల "అక్కడ ఒకప్పుడు ఊరుండేదంట" అనే చోట్లు బోలెడు. పులిచింతల నీళ్ళలో మునిగినవి (కోహినూర్ దొరికిందని చెప్పే కొల్లూరు కూడా ఆ లెక్కలోదే), సాగర్ కింద పోయినవి, 1977 ఉప్పెనకి దివిసీమలో కొట్టుకుపోయినవి, అంతకుముందు 1832-33 డొక్కల కరువులో జనం పోగా మిగిలినోళ్ళు వలసెళ్ళి పాడుపడ్డవి, ఇవేవీ కాకుండా ఊరికే ఒక్కో ఇల్లు రోడ్డు పక్కకి జరుగుతూ జరుగుతూ ఖాళీ అయిపోయినవి. అలాంటి పల్లె చరిత్ర రాద్దామనుకుంటే అందరూ ముందు ముసలోళ్ళ దగ్గరకెళ్ళి కూర్చుంటారు. నా మాట వినండి, ముందు పోస్టాఫీసు సంగతి తేల్చుకుని అప్పుడు వెళ్ళండి.

ఎందుకంటే శివారు పల్లెకి సర్కారు లెక్కల్లో సొంత లైను ఉండదు. జనాభా లెక్కలు గానీ శిస్తు గానీ అన్నీ రెవెన్యూ గ్రామం పేరు మీదే నడుస్తాయి, మీ పల్లె ఆ పెద్ద ఊరి అంకెల్లో కలిసిపోయి ఉంటుంది. ఉత్తరానికి అలా కుదరదు కదా, ఊరి పేరు, పోస్టు, వయా, తాలూకా అన్నీ కరెక్టుగా రాస్తేనే చేరేది. అందుకే ఎక్కడా కనపడని పల్లె ఉత్తరం మీద మాత్రం దొరుకుతుంది.

కాబట్టి మొదటి పని చుట్టాల ఇళ్ళల్లో పాత ఉత్తరాలు, శుభలేఖలు, స్కూలు టీసీలు అడగడం. ట్రంకు పెట్టె అడుగున, దేవుడి గూట్లో, ఎల్‌ఐసీ కాగితాల మధ్యన ఉంటాయి. ఒక కార్డు దొరికితే ఇలా చూడండి. లోపల కుడి పక్క పైన రాసినాయన తన ఊరు, తేదీ వేసుంటాడు, కింద "మ.రా.రా.శ్రీ" (మహారాజరాజశ్రీ అనే మర్యాద పిలుపు) అని మొదలవుతుంది, దాన్ని ఒదిలేసి అడ్రస్ వైపు తిప్పండి. "పోస్టు" అన్న దగ్గర మీ పల్లె పేరే ఉంటే దానికి సొంత బ్రాంచి ఆఫీసు ఉన్నట్టు, పక్క ఊరి పేరుంటే అక్కడి పోస్టుమేన్ వచ్చేవాడన్నట్టు. "వయా" తర్వాత ఉన్నది సాధారణంగా సబ్ పోస్టాఫీసు, టపా సంచి అక్కడి నుంచే వచ్చేది. తర్వాత ముద్రలు, భూతద్దం పెట్టి చూడాల్సిందే, వేసిన చోట ఒకటి, చేరిన చోట ఇంకొకటి ఉంటాయి, సంవత్సరం చివరి రెండంకెలే కనపడతాయి, సగం అరిగిపోయి ఉంటుంది. అప్పుడు స్టాంపు చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయిందని, నయా పైసా అని ఉంటే 1957-64 మధ్యదని, ఉత్త పైసా అయితే ఆ తర్వాతదని లెక్క. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది కాబట్టి ఆరంకెలు కనపడితే ఆ తర్వాతదే, కనపడకపోతే మాత్రం పాతదే అని తీర్పు ఇచ్చేయొద్దు, మనోళ్ళు పిన్ రాయకుండా చాలా ఏళ్ళు నెట్టుకొచ్చారు.

పిన్ దొరికితే ఇంకో పని సులువు. పోస్టాఫీసుల జాబితా మొత్తం డేటా.గవ్.ఇన్ సైట్లో ఫ్రీగా ఉంది, అందులో 522తో మొదలయ్యేవి గుంటూరు వైపువి, 520, 521 బెజవాడ, కృష్ణా వైపువి. ఆఫీసు పేరు, బ్రాంచా సబ్బా, ఏ డివిజన్ అన్నీ ఉంటాయి. మీ పల్లె పేరుతో బ్రాంచి ఆఫీసు ఇంకా కనపడిందనుకోండి, సంబరపడకుండా అది ఇప్పుడు ఎక్కడ నడుస్తోందో కనుక్కోండి, ఊరు లేచి పునరావాస కాలనీకి పోతే పోస్టాఫీసు కూడా అదే పేరుతో కాలనీకి వెళ్ళి ఉండొచ్చు.

జాబితాలో లేకపోతే ఆర్టీఐ వేయండి. పోస్టల్ శాఖ కేంద్రానిది, ఆన్‌లైన్లో వేయొచ్చు, లేదా పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని కాగితం మీద రాసి పంపొచ్చు (పోస్టాఫీసు గురించి అడగడానికి పోస్టాఫీసులోనే ఆర్డర్ కొనడం, బాగుంటుంది). గుంటూరు, నరసరావుపేట, తెనాలి, విజయవాడ ఇలా డివిజన్లు వేరువేరు, మీ ఏరియా ఎవరి కిందకొస్తుందో చూసి ఆ సూపరింటెండెంట్ ఆఫీసు పేరున రాయండి. ఎందుకు మూసేశారు అని అడిగితే పని జరగదు, రికార్డు అడగాలి. ఇలా రాస్తే చాలు: "ఫలానా బ్రాంచి పోస్టాఫీసు ఏ తేదీన మొదలైంది, దాని అకౌంట్ ఆఫీసు ఏది, పేరు మార్చినా, వేరే చోటికి తరలించినా, మూసేసినా, ఇంకో ఆఫీసులో కలిపినా ఆ ఆర్డర్ల కాపీలు ఇప్పించగలరు." (అకౌంట్ ఆఫీసు అంటే ఆ బ్రాంచి లెక్కలు చూసే పై ఆఫీసు.) పాత రిజిస్టర్లు గడువు తీరాక తీసేస్తారు కాబట్టి "రికార్డు అందుబాటులో లేదు" అని జవాబొచ్చినా డీలా పడొద్దు, మిగతా దారులున్నాయి.

మ్యాపుల దగ్గరకొద్దాం. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (ఊళ్ళు, దారులు, కొండలు గుర్తులతో చూపే సర్కారు మ్యాపులు) గుంటూరు, విజయవాడ, పులిచింతల అన్నీ 65డి నంబరు షీటు కిందకొస్తాయి, బాపట్ల వైపు 66ఏ, మాచర్ల వైపు 56పీ. పాత షీట్లలో ఊరి పేరు పక్కన చిన్నగా పీఓ అని ఉంటే అక్కడ పోస్టాఫీసు ఉన్నట్టు. జనం వదిలేసిన ఊరికి షీటు కింద ఉండే గుర్తుల పట్టీలో వేరే గుర్తే ఉంది, అది చూసుకోండి. 1950ల నాటి అమెరికా ఆర్మీ మ్యాపులు, యూ502 సిరీస్, టెక్సాస్ యూనివర్సిటీ సైట్లో ఫ్రీ, కానీ స్కేలు చిన్నది, మరీ బుల్లి పల్లెలు దొరక్కపోవచ్చు. రెండు వేర్వేరు కాలాల షీట్లు పక్కపక్కన పెడితే ఊరు ఏ మధ్యలో మాయమైందో కొంత తెలుస్తుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఇమేజీల టైమ్‌లైన్ ఉంది, నీళ్ళు తగ్గిన వేసవి ఇమేజీ దొరికితే డొంకలు, ఇళ్ళ పునాదులు గీతల్లాగా కనపడొచ్చు.

వెతికేటప్పుడు జిల్లా పేరుతో జాగ్రత్త, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. 1859 నుంచి 1904 దాకా గుంటూరు అని విడిగా జిల్లానే లేదు, మన ఏరియా కృష్ణా జిల్లా కిందే ఉండేది, ఇంగ్లీషు రికార్డుల్లో కిస్ట్నా అని, బెజవాడ అని, మసూలిపటం (మచిలీపట్నం) అని వెతకాలి. 1970లో ఒంగోలు వైపు విడిపోయి ఒంగోలు జిల్లా అయింది, 1972లో దాని పేరు ప్రకాశం అని మారింది, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022లో పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు. ఒకే పల్లె కాగితాలు నాలుగు పేర్ల కింద చెదిరి ఉంటాయన్నమాట. జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు సెన్సస్ వాళ్ళ సైట్లో ఉన్నాయి, 1971, 1981 వాటిలో ఏ గ్రామానికి పోస్టాఫీసు ఉందో కూడా వేశారు. మీ పల్లె కాకుండా దాని రెవెన్యూ గ్రామం పేరుతో చూడండి.

రెవెన్యూ వైపు మీభూమిలో (ఏపీ సర్కారు భూముల సైటు) గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటం) తీసి గ్రామకంఠం, అంటే ఇళ్ళ కోసం ఉంచిన జాగా, ఎక్కడుందో చూడండి. పొలాల మధ్యలో ఇళ్ళే లేని గ్రామకంఠం కనపడితే అదే మీ పాత ఊరయ్యే అవకాశం బాగా ఎక్కువ. పాత దస్తావేజుల్లో హద్దులు ఇంకా బాగుంటాయి, "ఉత్తరం: పాత ఊరి బావికి పోవు డొంక" లాంటి ముక్క ఒక్కటి చాలు. పులిచింతల లాంటి ముంపు ఊళ్ళకైతే భూసేకరణ గెజిట్ నోటిఫికేషన్లు, నష్టపరిహారం లిస్టులు ఉంటాయి, వాటిలో సర్వే నంబర్లు, ఇళ్ళు, బావులు, చెట్లతో సహా రాసి ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే కంపెనీ కాలపు సర్వే దొర మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు (ఊళ్ళ చరిత్ర రాతలు) చూడాలి, గుంటూరు వైపువి అచ్చయ్యాయి కూడా. పాత పేపర్ల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, బెజవాడ రామ్మోహన్ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం.

ఇప్పుడు మనుషులు. సంక్రాంతికి వెళ్ళండి, లేదా ఆ ఊరి అమ్మోరికి కొలుపులు చేసే రోజుల్లో వెళ్ళండి, ఊరు చెల్లాచెదురైనా వాటికి మాత్రం ఎక్కడెక్కడివాళ్ళూ దిగుతారు. వెళ్ళగానే "ఎవురి తాలూకబ్బాయ్ నువ్వు?" అంటారు, దానికి ఇంటిపేరుతో సహా నిదానంగా జవాబు చెప్పండి, ఆ పది నిమిషాలు వేస్టు కాదు. తర్వాత "పోస్టాఫీసు ఎక్కడుండేది తాతా?" అనకుండా "పోస్టు ఎవరింట్లో ఉండేది?" అనండి. పల్లెల్లో బ్రాంచి పోస్టుమాస్టరు ఫుల్‌టైమ్ ఉద్యోగి కాదు, చాలా చోట్ల బడి పంతులో కొట్టు పెట్టుకున్నాయనో ఆ పని చూసుకునేవాళ్ళు, ఆఫీసుకి జాగా ఆయనే చూసుకోవాలి. అంటే అరుగు మీద ఒక బల్ల, ఒక పెట్టె, ముద్ర, స్టాంపు ప్యాడు, గోడకి ఎర్ర డబ్బా, అంతే ఆఫీసు. మనిషి మారితే ఆఫీసు ఇంకో వీధికి పోయేది. ఒకళ్ళు తూర్పు వీధి అని, ఇంకొకళ్ళు గుడి పక్కన అని చెప్తే ఇద్దరూ కరెక్టే అయుండొచ్చు.

తేదీలు అడిగితే "ఎప్పుడో" అంటారు, కాబట్టి గుర్తుండే సంగతికి ముడేయండి. ఉప్పెనకి ముందా తర్వాతా? జై ఆంధ్ర గొడవల్లో పోస్టు నడిచిందా? కరణాలని తీసేసిన ఏడు (1984) పోస్టుమాస్టరు ఎవరు? ఇలా అడిగితే రెండు మూడేళ్ళ తేడాలో తేలిపోతుంది. కోడళ్ళని కూడా అడగండి, పుట్టింటి ఉత్తరం కోసం ఎదురుచూసినోళ్ళకి పోస్టుమేన్ ఏ పూట ఏ దారిన వచ్చేవాడో మగాళ్ళకంటే బాగా తెలుసు. దళితవాడకీ, యానాది కాలనీకీ వెళ్ళి ఉత్తరం వాళ్ళ గుమ్మం దాకా వచ్చేదా, ఎవరింట్లోనైనా పడేసి పోయేవాడా అని విడిగా అడగండి, పెద్ద ఇళ్ళల్లో విన్న చరిత్ర సగం ఇక్కడ మారిపోతుందని నా అనుమానం.

చివరికి స్థలం. ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్ళండి, పాముల సంగతి తెలిసిన స్థానికుణ్ణి తీసుకెళ్ళండి. పొలాల కంటే కాస్త ఎత్తుగా, బూడిదరంగు మట్టితో, పెంకులు దొర్లుతూ ఉన్న దిబ్బ కనపడితే అది పాటి. ఆ మట్టిని ఎరువుగా పొలాలకి తోలేశారు కాబట్టి చాలావాటికి సగమే మిగిలుంటుంది. బొడ్రాయి, బావి, రావిచెట్టు, పోలేరమ్మ రాయి ఎక్కడున్నాయో ఫోన్లో లొకేషన్ పెట్టుకుని ఫొటో తీయండి. దేన్నీ కదపొద్దు, తవ్వొద్దు.

రాసేటప్పుడు ప్రతి ముక్క పక్కనా అది కార్డు మీద చూసిందా, ఆర్టీఐలో వచ్చిందా, నోటిమాటా అన్నది వేసుకోండి. ఉత్తరాలు ఫొటో తీసుకుని ఒరిజినల్ అక్కడే ఇచ్చేయండి, అడ్రస్ వైపు, రాత వైపు రెండూ తీయండి, లోపలి సొంత విషయాలు బయట పెట్టాలంటే మాత్రం ఆ ఇంటివాళ్ళని అడిగే పెట్టండి.