స్కాటిష్ ఇండీ బ్యాండ్ల కొత్త సింగిల్స్ మిస్ కాకూడదంటే
స్పాటిఫై అన్నీ తెచ్చి పెడుతుందిలే అని కూర్చుంటే గ్లాస్గో చిన్న బ్యాండ్ల పాటలు మన దాకా రావు. 2021లో బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ ఆల్బమ్ కొట్టిన మోగ్వాయ్ లాంటి వాళ్లకైతే అక్కడ ఫాలో కొడితే చాలు, శుక్రవారం రిలీజ్ రాడార్‌లో (కొత్త పాటలతో స్పాటిఫై వారం వారం ఇచ్చే ప్లేలిస్ట్) కనిపిస్తారు.

కొత్తవాళ్ల కోసం ముందు లేబుల్‌ని, అంటే పాటలు విడుదల చేసే కంపెనీని పట్టుకోండి. మోగ్వాయ్ నడిపే రాక్ యాక్షన్, డెల్గాడోస్ బ్యాండ్ మొదలుపెట్టిన కెమికల్ అండర్‌గ్రౌండ్, రెండూ గ్లాస్గోవే. బ్యాండ్లు, లేబుళ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ఫాలో నొక్కితే కొత్తది రాగానే మెయిల్ వస్తుంది.

నాకు బాగా పనికొచ్చేది మాత్రం గ్లాస్గోలోని చిన్న కచేరీ వేదిక కింగ్ టట్స్ వా వా హట్ షోల పట్టిక (1993లో క్రియేషన్ లేబుల్ అధినేత అలన్ మెక్‌గీ కంట్లో ఒయాసిస్ బ్యాండ్ పడింది అక్కడే). అందులో పెద్ద అక్షరాల పేరు వదిలేసి, దాని కింద చిన్నగా రాసిన సపోర్ట్ బ్యాండ్ (ప్రధాన బ్యాండ్ కంటే ముందు వాయించేది) పేరు తీసుకుని బ్యాండ్‌క్యాంప్‌లో వెతకండి, చాలాసార్లు ఒకటో రెండో సింగిల్సే ఉంటాయి కానీ అసలు సరుకు అదే. ఓపిక ఉంటే అక్కడే గ్లాస్గో, ఎడిన్‌బరా, డండీ ట్యాగులు కూడా తిరగేయండి.

నచ్చితే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే (సైట్ ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాలు) నాడు కొనండి, ఆ రోజు సైట్ తన కమీషన్ తీసుకోదు.