స్టాపోవర్ (మధ్యలో ఒక ఊళ్లో ఆగి వెళ్లే) ట్రిప్‌కి ఫ్లైట్ టికెట్లు విడివిడిగా కొనేటప్పుడు

ముందు బుకింగ్ సైట్‌లో మల్టీ సిటీ ఆప్షన్‌లో మొత్తం ఒకే టికెట్‌గా ఎంతవుతుందో చూడండి, తేడా కొంచెమే అయితే ఇంకేం ఆలోచించకుండా అదే తీసుకోండి. విడిగా కొంటే అసలు చిక్కేంటంటే, మొదటి ఫ్లైట్ లేటయి రెండోది తప్పిపోతే సాధారణంగా రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు, మిమ్మల్ని నో షో (ఫ్లైట్‌కి రానివాళ్లు) కింద రాసేసి, అదే టికెట్ మీద రిటర్న్ ఉంటే దాన్ని కూడా చాలాసార్లు రద్దు చేసేస్తారు. అందుకే నేనైతే మధ్యలో ఒక రాత్రి ఆగేలా చూసుకుంటాను. 3 గంటల గ్యాప్ పెట్టుకుని పరిగెత్తే టెన్షన్ నా వల్ల కాదు.

బ్యాగులు కూడా చాలావరకు చివరిదాకా వెళ్లవు. మధ్యలో ఇమిగ్రేషన్ దాటి, బెల్టు మీద తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి, అంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాల్సిందే కాబట్టి వీసా కావాలో వద్దో టికెట్ కొనకముందే తేల్చుకోండి. లగేజీ పరిమితి రెండింటిలో వేరుగా ఉంటే తక్కువ ఉన్నదాన్ని బట్టే సర్దుకోవాలి.

కొనడం మాత్రం ముందు ఖరీదైన పెద్ద ప్రయాణం, వెంటనే చిన్నది. తేదీలు రెండుసార్లు చూడండి, రాత్రి బయల్దేరిన ఫ్లైట్ చాలాసార్లు మర్నాడు దిగుతుంది, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.