యాసంగి కొనుగోళ్లకు ముందే: పీడీఎఫ్‌లో గడుల రంగు పోకుండా జాగ్రత్తలు

మార్చి నెలాఖరుకు సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మొదలవుతాయి. మిర్యాలగూడ, హాలియా, వేములపల్లి వైపు కోత యంత్రాలు దిగిన కొద్ది రోజులకే కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం రాశులు పెరుగుతాయి. అక్కడి నుంచి సీజను ముగిసేదాకా కేంద్రాలు నడిపే మహిళా సంఘాలకు, సహకార సంఘాల సిబ్బందికి, వాళ్ల లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించేవారికి సాయంత్రమైతే ఒకటే పని: ఎక్సెల్ షీటు నింపడం, దాన్ని పీడీఎఫ్ చేయడం, వాట్సాప్‌లో పంపడం. ఆ షీటులో ముఖ్యమైన సమాచారం చాలాచోట్ల అంకెల్లో కాక రంగుల్లో ఉంటుంది. తేమ 17 శాతం దాటిన రాశికి ఎరుపు, సన్న రకానికి ఆకుపచ్చ, ఇంకా డబ్బు పడని రైతుకు పసుపు.

పీడీఎఫ్‌లో ఆ రంగులు పోయాయనుకోండి. అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి చూసినవారికి అనుమానం రాదు. ఇక్కడే ప్రమాదం ఉంది. అంకె తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు, లేని రంగును ఎవరూ పట్టుకోరు. సన్న ధాన్యానికి 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. సన్నమని ఆకుపచ్చతో మాత్రమే గుర్తుపెట్టిన వరుస తెల్లగా మారి వెళితే ఆ రైతు బోనసు లెక్క చిక్కుల్లో పడుతుంది. ఎరుపు పోయిన వరుసను చూసి ఆరని రాశిని కాంటాకు పిలిస్తే, హమాలీలు బస్తాలు ఎత్తాక మిల్లు దగ్గర పేచీ మొదలవుతుంది. అందుకే ఈ జాగ్రత్తలన్నీ రాశులు రాకముందే, చేతిలో తీరిక ఉన్నప్పుడే తీసుకోవాలి.

మొదట రంగు ఎక్కడ పోతోందో తేల్చుకోవాలి. ఎక్సెల్‌లో షీటు తెరిచి కంట్రోల్, పి కలిపి నొక్కండి. ప్రింటుకు ముందు కనిపించే ఆ నమూనాలోనే రంగు లేకపోతే లోపం షీటు అమరికలో ఉంది. నమూనాలో ఉండి, తయారైన పీడీఎఫ్‌లో లేకపోతే మార్చే పద్ధతిలో ఉంది. కంప్యూటర్‌లో కనిపించి ఫోనులో కనిపించకపోతే ఆ ఫోనులో పీడీఎఫ్ చూపించే యాప్‌లో ఉంది. ఈ మూడింటిలో ఏదో తెలియకుండా చేసే మరమ్మతు గంటలు తినేస్తుంది. సాయంత్రం ఏడింటికి లారీ బయట నిలబడి ఉన్నప్పుడు అంత సమయం దొరకదు.

నమూనాలోనే రంగు లేనప్పుడు ముందుగా అనుమానించవలసింది ఒక చిన్న టిక్కును. పేజ్ లేఅవుట్‌లో పేజ్ సెటప్ తెరిచి, అందులో షీట్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడ బ్లాక్ అండ్ వైట్, డ్రాఫ్ట్ క్వాలిటీ అని రెండు గడులుంటాయి. బ్లాక్ అండ్ వైట్‌లో టిక్కు ఉంటే ఎక్సెల్ గడుల రంగు మొత్తం వదిలేసి, అక్షరాలను నల్లగా చేసి పంపుతుంది. తెర మీద మాత్రం రంగులు యథాతథంగా కనిపిస్తూనే ఉంటాయి. రెండింటిలోనూ టిక్కు తీసేయండి.

ఈ టిక్కు అక్కడికి ఎలా వచ్చిందన్నది తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మళ్లీ వస్తుంది. నిరుటి సీజనులో ఇంకు ఆదా కోసం ఎవరో పెట్టి ఉంటారు. అది ఫైలులోనే నిలిచిపోతుంది. ఈ ఏడాది కొత్త ఫైలు చేయకుండా పాతదాన్నే కాపీ చేసి, పేర్లు తుడిచి వాడుకోవడం మన దగ్గర మామూలే. పేర్లు పోతాయి, టిక్కు పోదు. పైగా ఇది ఒక్కో షీటుకు విడిగా ఉండే అమరిక. కేంద్రానికొక షీటు చొప్పున పెట్టుకున్న ఫైలులో తిప్పర్తి షీటు రంగులతో వచ్చి, కట్టంగూర్ షీటు తెల్లగా వచ్చిందంటే కారణం సాధారణంగా ఇదే. కంట్రోల్ పట్టుకుని అన్ని షీట్ల పేర్లూ ఎంచుకుని ఒకేసారి సరిచేయవచ్చు. కానీ పని అయిన వెంటనే ఆ ఎంపిక విడదీయండి. మరిచిపోతే ఒక షీటులో టైపు చేసింది అన్ని షీట్లలోనూ పడుతుంది, అప్పుడు పోయేది రంగు కాదు, లెక్కే.

నమూనాలో రంగు బాగానే ఉండి పీడీఎఫ్‌లో పోతుంటే కథ వేరు. ఇక్కడ తెలుసుకోవలసింది, గడికి రంగు మూడు దారుల్లో వస్తుందన్న సంగతి. ఒకటి మనం నేరుగా నింపిన రంగు, గోడకు వేసిన సున్నం లాంటిది, ఎక్కడికి తీసుకెళ్లినా సాధారణంగా గడితోపాటే వెళుతుంది. రెండోది కండిషనల్ ఫార్మాటింగ్. తేమ 17 దాటితే ఎరుపు చూపించు అని రాసిన నియమం అది. గడిలో రంగు ఉండదు, షీటు తెరిచిన ప్రతిసారీ లెక్క చూసి పుడుతుంది. మూడోది ఫార్మాట్ యాజ్ టేబుల్ కొట్టినప్పుడు వచ్చే అడ్డుపట్టీల రంగు. అది టేబుల్‌ది, గడిది కాదు. ఎక్సెల్ తానే పీడీఎఫ్ చేస్తే మూడూ వస్తాయి. ఫోనులోని ఉచిత యాప్, వెబ్‌సైటులో ఫైలు ఎక్కించి మార్చే సౌకర్యం, ఇతర ఆఫీసు ప్రోగ్రాములు చేస్తే మాత్రం రెండో, మూడో రకం పోవచ్చు. ఉదాహరణకు లిబ్రే ఆఫీసు పాత వెర్షన్లు ఎక్సెల్ టేబుల్ రంగులను చూపించవు.

కాబట్టి వీలైనంత వరకు ఎక్సెల్‌లోనే, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని మార్చండి. ప్రింటర్ల జాబితాలోని పీడీఎఫ్ ప్రింటర్‌తో చేసేవారు దాని ప్రాపర్టీస్‌లో నలుపు తెలుపు ఎంపికై లేదని ఒకసారి చూసుకోండి. ఎక్సెల్ లేని చోటికి ఫైలు వెళ్లక తప్పదంటే, ముందే నియమాల రంగును అసలు రంగుగా మార్చి పంపాలి. టేబుల్‌కైతే సులువు: టేబుల్ డిజైన్‌లో కన్వర్ట్ టు రేంజ్ నొక్కితే టేబుల్ పోయి రంగు గడుల్లో నిలుస్తుంది. కండిషనల్ ఫార్మాటింగ్‌కు కొంచెం ఓపిక కావాలి. ఫైలు కాపీ తీసుకుని, ఆ కాపీలోనే పని చేయండి. తేమ నిలువు వరుసకు ఫిల్టర్ పెట్టి, రంగును బట్టి వడకట్టే ఫిల్టర్ బై కలర్‌లో ఎరుపును ఎంచుకోండి. నియమం వల్ల వచ్చిన రంగు కూడా అందులో దొరుకుతుంది. కనిపిస్తున్న గడులను ఎంచుకుని పెయింటు డబ్బా గుర్తుతో ఎరుపు నింపండి. ఫిల్టర్ తీసి, క్లియర్ రూల్స్‌తో నియమాలన్నీ తుడిచేయండి. ఇంకా ఎరుపు నిలిచి ఉంటే పని సరిగ్గా జరిగినట్టే. నియమాలు తుడవకుండా చూస్తే కనిపిస్తున్నది పాత రంగో కొత్త రంగో చెప్పలేరు.

నేటి తేదీతో ముడిపడిన నియమాలు ఉన్నవారికి మరో మాట. నాలుగు రోజులు దాటినా డబ్బు పడని రైతును పసుపులో చూపించమని టుడే సూత్రంతో నియమం రాసి ఉంటే, సోమవారం చేసిన పీడీఎఫ్‌లో ఒక పసుపు, బుధవారం చేసిన దానిలో ఇంకో పసుపు ఉంటుంది. తప్పు ఎక్కడా లేదు, కానీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అది తప్పుగానే కనిపిస్తుంది. పీడీఎఫ్ చేసిన తేదీ, సమయం పేజీ పైన రాయండి.

ఆన్‌లైన్ పోర్టల్ నుంచి దించుకున్న జాబితాలు సీఎస్‌వీ రూపంలో వస్తుంటాయి. ఆ ఫైలులోనే రంగులు వేసి, అలాగే సేవ్ చేసి మూసేస్తే రంగులన్నీ పోతాయి. సీఎస్‌వీ విలువలను మాత్రమే దాస్తుంది. తెరవగానే ఎక్సెల్ వర్క్‌బుక్‌గా వేరే పేరుతో సేవ్ చేసుకుని, ఆ తర్వాతే రంగు ముట్టుకోండి. షీటును బ్రౌజరులో వెబ్ పేజీలాగా తెరిచి అక్కడి నుంచి ప్రింటు ఇచ్చేవారు, క్రోమ్ ప్రింటు పెట్టెలో మోర్ సెట్టింగ్స్ కింద ఉండే బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్‌కు టిక్కు పెట్టాలి. మామూలుగా అది పెట్టి ఉండదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచిన విషయం. దాచడానికి రంగు వాడకండి. రైతు బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నంబరు కనిపించకూడదని ఆ గడులకు నల్ల రంగు నింపి, నల్ల అక్షరాలతో వదిలేసే అలవాటు కొందరికి ఉంది. బ్లాక్ అండ్ వైట్ టిక్కు ఉన్న షీటులో నల్ల రంగు పోయి, ఆ నంబర్లు తెల్ల కాగితం మీద స్పష్టంగా తేలతాయి. రంగు ఉన్నా సరే, పీడీఎఫ్‌లో ఆ గడిని ఎంచి కాపీ చేస్తే నంబరు చేతికి వస్తుంది. గ్రూపులో రెండు వందల మంది ఉంటారు, ఒకసారి పంపాక పూర్తిగా వెనక్కి తీసుకోలేం. పంపే కాపీలో ఆ నిలువు వరుసలనే తీసేయండి. ఇదే కారణంతో రైతుల ఖాతాలున్న ఫైళ్లను ఉచితంగా మార్చిపెట్టే వెబ్‌సైట్లలో ఎక్కించవద్దు, ఎంత తొందరలో ఉన్నా.

దీనికి తలకిందుల సమస్య శీర్షికల్లో వస్తుంది. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలతో శీర్షిక చూడటానికి బాగుంటుంది. కొన్ని యాప్‌లలో నీలం పోయి తెల్ల అక్షరాలు తెల్ల కాగితం మీద మిగులుతాయి, అంటే శీర్షికే ఉండదు. ఏ నిలువు వరుస బస్తాలో, ఏది క్వింటాళ్లో తెలియని కాగితం ఎవరికి పనికొస్తుంది? శీర్షికకు లేత రంగు, నల్లటి మందపాటి అక్షరాలు వాడండి.

రంగు నిలిచినా అది జిరాక్సును దాటదు. మండల కేంద్రంలో తీసే నలుపు తెలుపు కాపీలో ఎరుపు, ఆకుపచ్చ రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో పడతాయి, లేత పసుపు దాదాపు కనిపించకుండా పోతుంది. రంగులు వేరుచేసి చూడలేని కళ్లూ ఉంటాయి. అందుకే ప్రతి రంగు పక్కన ఒక మాట ఉండాలి. తేమ వరుస పక్కన స్థితి అనే నిలువు వరుస పెట్టి అందులో ఆరబెట్టాలి, కాంటాకు సిద్ధం అని రాయించండి. ఇఫ్ సూత్రంతో అది తానే పడుతుంది. సన్నం, దొడ్డు అన్నవి కూడా అక్షరాల్లోనే ఉండాలి. రంగు చూపును త్వరగా అక్కడికి తీసుకెళుతుంది, అంతవరకే దాని పని.

ఏప్రిల్ రాకముందే ఒక పరీక్ష ఫైలు చేసి పెట్టుకోండి. అందులో నేరుగా నింపిన రంగు ఒక వరుస, నియమంతో వచ్చిన రంగు ఒక వరుస, టేబుల్ రంగు ఒక వరుస, తెల్ల అక్షరాల శీర్షిక ఒకటి. తెలుగులో ఊళ్ల పేర్లూ వేయండి, కొన్ని యాప్‌లలో తిప్పర్తి వంటి పేర్ల ఒత్తులు విడిపోతాయి, అదీ ఇప్పుడే తెలుస్తుంది. ఆ ఫైలును సీజనులో వాడబోయే కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి, సీజనులో అందుకునేవారి ఫోనుకే పంపి, వారు తెరిచిన తెరను ఫోటో తీసి పంపమని అడగండి. ఫోను నైట్ మోడ్‌లో ఉంటే కొన్ని యాప్‌లు రంగులను తారుమారు చేస్తాయి, అది ఆపి మరోసారి చూడమనండి.

ఇన్ని చేసినా సీజను మధ్యలో ఒక సాయంత్రం రంగు లేని పీడీఎఫ్ వెళ్లిపోవచ్చు. అప్పుడు సరిచేసిన దాన్ని అదే పేరుతో మళ్లీ పంపకండి, ఏది ఏదో ఎవరికీ తెలియదు. పేరు చివర సవరించినది అని చేర్చి పంపండి. పాతదాన్ని అందరి ఫోన్లలోంచీ పోయేలా తొలగించే వీలుంటే తొలగించండి. ఎరుపు వరుసల్లో ఉన్న రాశుల నంబర్లను మాత్రం మామూలు సందేశంగా టైపు చేసి, కాంటా దగ్గర ఉన్నవారికి ఫోను చేసి చదివి వినిపించండి.