ఎముకల ఇంజెక్షన్ పడుతున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు

పండక్కి పిల్లలొచ్చినప్పుడు ఒంగోలు తీసుకెళ్లి అమ్మకి ఆ పన్ను పీకించేద్దాం అనుకునే ఇళ్లు చాలానే ఉంటాయి. ఆమెకు ఎముకల మందు నడుస్తుంటే ముందు ఇవి చూసుకోండి.

– మందు సంగతి చెప్పకుండా పీకించొద్దు. జోలెడ్రానిక్ యాసిడ్, డెనోసుమాబ్, అలెండ్రోనేట్ అనే ఎముకల మందులు వాడేవాళ్లలో కొందరికి గాయం మానక దవడ ఎముక బయటపడుతుంది. డాక్టరు అడిగితే బీపీ, షుగర్ చెబుతారు గానీ ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించింది ఎవరికీ గుర్తుండదు. పాత చీటీలన్నీ సంచిలో పెట్టుకెళ్లండి.

– ఇంజెక్షన్ ఇంకా మొదలవ్వలేదా? పీకాల్సినవి ముందే పీకించి, గాయం మానాక మొదలుపెట్టవచ్చేమో అడగండి.

– మందు దేనికో తెలుసుకోండి. క్యాన్సర్‌కైతే డోసు ఎక్కువ, ముప్పూ ఎక్కువే. ఎముకలు గుల్లబారినందుకైతే ఈ జబ్బు చాలా అరుదు. టెన్షన్ పడి సొంతంగా మానేయకండి. 6 నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

– రూట్ కెనాల్‌తో పన్ను నిలుస్తుందంటే అదే మేలు.

– చుట్ట, సిగరెట్ ఆపాలి. పొగాకు మన జిల్లా పంటే కావచ్చు, నోటి పుండుకి మాత్రం శత్రువే.

– కట్టుడు పళ్లు ఒరుసుకుంటుంటే సరిచేయించండి. ఎముక బయటపడటానికి ఆ పుండు చాలు.

– పీకిన చోట ఎముక కనిపించినా, చీము పట్టినా, కింది పెదవి తిమ్మిరెక్కినా వెంటనే చూపించండి. ఎముక 8 వారాలకు మించి బయటే ఉంటే ఈ జబ్బని తేలుస్తారు గానీ మనం అన్నాళ్లు ఆగక్కర్లేదు. మొదట్లో క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింత, అవసరమైతే యాంటీబయాటిక్స్‌తో అదుపులో ఉంచుతారు. ముదిరితే చచ్చిన ఎముకను ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది.