గొర్రెతోలు ఫ్లయింగ్ జాకెట్ కొనడం ఎలా? మూడో పాఠం: తోలు, ఉన్ని, కుట్టు

గత రెండు పాఠాల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పైలట్ల జాకెట్లు రెండింటిని, అంటే బ్రిటన్ వాళ్ళ ఇర్విన్ జాకెట్‌నీ, అమెరికా వాళ్ళ బి-3నీ చూడగానే గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇర్విన్‌కి నడుము దగ్గర బెల్టు, మణికట్టు నుంచి పైకి జిప్పులు ఉంటాయి. బి-3కి మెడ కింద తోలు పట్టీలు, బకిళ్ళు ఉంటాయి. ఇప్పుడు అసలు పని మొదలుపెడదాం. తక్కువ ధరలో దొరికే కొత్త నకలు ఒకటి మీ చేతికి వచ్చింది. అడిగిన డబ్బుకి అది తగునా?

ఒడిశాలోని మన కొరాపుట్ జిల్లాలో జయపురం, సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బండి మీద వెళ్ళేవాళ్ళకి ఈ ప్రశ్న ఊరికే వచ్చేది కాదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి దేవమాలి కొండకి వెళ్ళే కుర్రాళ్ళు ఆన్‌లైన్‌లో ఫోటో చూసి ఆర్డర్ పెట్టేస్తున్నారు. ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా చేతికే తెలుస్తుంది.

ఈ పాఠం మొత్తానికి ఆధారం ఒక్కటే. పాడైతే బాగు చేయించుకోలేనివి ఏవో వాటిని ముందు చూడాలి. జిప్పు, బకిల్, ఊడిన కుట్టు తర్వాతైనా సరిచేయించుకోవచ్చు. తోలు చెడ్డదైతే ఎవరూ ఏమీ చేయలేరు. అమ్మేవాళ్ళు మాత్రం జిప్పునీ బకిల్‌నీ ముందు చూపిస్తారు, మెరిసేవి అవే కాబట్టి.

మొదట ఉన్నిని రెండు బొటనవేళ్ళతో పాయ తీసి అడుగు చూడండి. నిజమైన గొర్రెతోలు జాకెట్‌లో ఉన్ని, తోలు వేరువేరు కావు. గొర్రె ఒంటి మీద ఎలా పెరిగిందో అలాగే ఉన్ని లోపలికి, మాంసం వైపు బయటికి వచ్చేలా కుడతారు. అందుకే అసలు జాకెట్లకి వేరే లైనింగ్ అక్కర్లేదు. పాయ అడుగున చర్మం కనిపించాలి. అల్లిక గళ్ళు, వరసలు కనిపిస్తే అది గుడ్డ మీద నిలబెట్టిన పాలిస్టర్ బొచ్చు. ‘షెర్పా లైనింగ్’ అని రాసి అమ్మేవి దాదాపు అన్నీ ఇవే. బయట నిజం తోలే ఉండి లోపల మాత్రం ఈ బొచ్చు పెట్టినవీ ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, కానీ వాటికి గొర్రెతోలు ధర ఇవ్వకూడదు.

ఇంకా అనుమానం ఉంటే, రాలిన నాలుగు పోగులు తీసుకుని జాకెట్‌కి దూరంగా అగ్గిపుల్లతో కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

తర్వాత ఒక చిటికెడు ఉన్ని పట్టుకుని మెల్లగా లాగండి. కొత్తదైతే కత్తిరింపులో మిగిలిన పోగులు కొన్ని వస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు. కుచ్చు కుచ్చుగా ఊడి వస్తే మాత్రం ఆ జాకెట్ అక్కడే వదిలేయండి. గొర్రెని కోసి తోలు తీశాక వెంటనే ఉప్పు పట్టించకపోతే బ్యాక్టీరియా చేరి ఉన్ని కుదుళ్ళు వదులవుతాయి. ఆ తర్వాత ఎంత బాగా శుద్ధి చేసినా పట్టు తిరిగి రాదు. తక్కువ ధర జాకెట్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ లోపానికే.

ఇక పైపూత. గొర్రెతోలు మాంసం వైపు నీళ్ళు పీల్చుకుంటుంది. అందుకే అమెరికా బి-3 తోలుకి గోధుమ రంగు లక్క లాంటి పూత వేసేవారు. నకళ్ళలోనూ పూత ఉంటుంది. అయితే చౌక తోలు మీద మచ్చలు, గీతలు దాచడానికి దాన్ని మందంగా పట్టిస్తారు. అంచు దగ్గర మూల ఒకటి బయటివైపు మడిచి, కొన్ని క్షణాలు నొక్కి వదలండి. తెల్లటి గీత మిగిలిపోతే మోచేయి మడత దగ్గర పూత త్వరగా పగులుతుంది. మడిచినప్పుడు ఎండిన కాగితంలా చప్పుడు చేస్తే లోపలి తోలే ఎండిపోయిందని అర్థం. తడి తెల్ల గుడ్డతో లోపలి అంచు ఒకసారి తుడవండి. రంగు దిగితే మీ చొక్కాలకీ దిగుతుంది.

ముక్కల సంగతి కాస్త ఓపికగా చూడాలి. ఎక్కువ ముక్కలు అతికిస్తే చౌకరకం అని చాలామంది అంటారు. అది సగమే నిజం. యుద్ధం సాగేకొద్దీ తోలు పొదుపు చేయడానికి ఇర్విన్ జాకెట్లనే చిన్న ముక్కలతో కుట్టారు. కాబట్టి ఎన్ని ముక్కలని కాదు, అతుకు ఎక్కడ పడిందని చూడండి. భుజం మీద, మోచేయి వంగే చోట అడ్డంగా అతుకు ఉంటే బలం తక్కువ. మెడ నుంచి కిందికి నిమిరితే ఉన్ని ఒకేవైపు వాలాలి. ముందు రెండు పక్కలా మందం ఒకేలా ఉండాలి.

కుట్టు మరీ దగ్గరగా ఉంటే బలం అనుకోకండి. అంగుళానికి పది, పన్నెండు సూది రంధ్రాలు పడితే తోలు పోస్టల్ స్టాంపు అంచులా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

జిప్పు ఊడితే మామూలు టైలరు దగ్గరికి వద్దు, ఆ మిషన్ పాదం కింద ఈ మందం పట్టదు. బండి సీటు కవర్లు కుట్టేవాళ్ళ దగ్గర బరువైన మిషన్ ఉంటుంది, వాళ్ళకి ఇవ్వండి.

మరి ఎంత మందం ఉన్ని కావాలి? ఈ జాకెట్లు వేడి లేని కాక్‌పిట్‌ల కోసం పుట్టాయి. 20,000 అడుగుల ఎత్తులో చలి సుమారు మైనస్ 25 డిగ్రీలు. మన దేవమాలి 1,672 మీటర్లే. కొరాపుట్ చలికి ఒత్తైన ఉన్ని పెట్టి డబ్బు పెంచుకోవడం దండగ. పొట్టి ఉన్ని, మంచి తోలు ఉన్నదే మనకి మేలు. సునాబెడలో మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ పక్కన పెరిగి విమానాల మీద ప్రేమతో కొనేవాళ్ళకి అసలు జాకెట్‌తో పోలిక కూడా విలువే. వాళ్ళు దానికి కొంత ఎక్కువ ఇవ్వొచ్చు, కానీ పై పరీక్షలు నెగ్గాకే.

ధర గురించి ఒక్క లెక్క. ఒక జాకెట్‌కి ఒక్క గొర్రె తోలు చాలదు, చాలా తోళ్ళు కావాలి. సాదా మేకతోలు జాకెట్ కంటే తక్కువకి ‘నిజమైన గొర్రెతోలు’ అని ఎవరైనా ఇస్తానంటే, ముందు ఉన్ని పాయ తీసి చూడాల్సిందే.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ఏదైనా బొచ్చు జాకెట్ లేదా టోపీ తీసుకుని పాయ, లాగుడు, మడత పరీక్షలు చేసి, కనిపించింది కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో కొలతలు చూద్దాం. పైలట్ కూర్చుని వేసుకునేలా పొట్టిగా కోసిన జాకెట్ బండి హ్యాండిల్ పట్టుకుంటే నడుము దగ్గర ఎంత పైకి లేస్తుందో, అది కొనకముందే ఎలా తెలుసుకోవాలో నేర్చుకుందాం.