ఎవరి మీద చేశారు? సైకాలజీ పరిశోధనను చదివే పద్ధతి

డిగ్రీ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. పక్షపాతాల పాఠం మీద ప్రశ్న ఇస్తే చాలా పేపర్లలో ఒకటే జవాబు: "ఇందులో ఆడవాళ్లు లేరు, కాబట్టి ఈ పరిశోధన తప్పు." అసలు పని ఆ వాక్యం తర్వాతే మొదలవుతుంది. నేను ఎలా చదువుతానో చెబుతాను.

ముగింపు దగ్గరికి వెంటనే వెళ్లకండి. ఎవరు, ఎంతమంది, ఏ ఊరు, ఏ సంవత్సరం అనే నాలుగు ముక్కలు ముందు నోట్‌బుక్ మార్జిన్‌లో రాసుకోండి. నైతిక వికాసం మీద కోల్‌బర్గ్ పిహెచ్‌డీకి ఆ మార్జిన్ ఇలా ఉంటుంది: మగపిల్లలు, 72 మంది, చికాగో ప్రాంతం, 1958. మంచీచెడూ ఆలోచించే తీరు ఎలా ఎదుగుతుందో చెప్పడానికి ఆ అబ్బాయిల జవాబులతో కట్టిన మెట్ల మీదే తర్వాత అందరినీ నిలబెట్టి కొలిచారు. ఎదుటి మనిషి బాగోగులు చూడాలనే ఆలోచనను ఆ కొలత తక్కువ చేస్తోందని, ఆడవాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపించేది అదేనని 1982లో కరోల్ గిలిగన్ వాదించారు.

తర్వాత పక్షపాతం ఎటు మొగ్గిందో తేల్చండి. ఉన్న తేడాను పట్టించుకోకపోతే బీటా బయాస్, లేని తేడాను పెంచి చూపితే ఆల్ఫా బయాస్. కోల్‌బర్గ్‌ది మొదటి రకం అంటారు. గిలిగన్ మీద రెండో రకం విమర్శ వచ్చింది. 1984లో వాకర్ అనే పరిశోధకుడు కోల్‌బర్గ్ కొలతతో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే, చాలావాటిలో ఆడా మగా స్కోర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జవాబులో ఈ రెండూ రాయాలి.

మిల్‌గ్రామ్ సంగతి కూడా చూడండి. ప్రయోగం నడిపేవాడు చెబితే ఎదుటి మనిషికి ఎంతదాకా కరెంటు షాక్ (నిజానికి ఉత్తుత్తిదే) ఇస్తారో ఆయన చూశారు. 1963లో అచ్చయిన ప్రయోగంలో 40 మందీ మగవాళ్లే, వాళ్లలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారు. తర్వాత ఆడవాళ్లతో చేసినప్పుడూ అదే 65 శాతం. అంటే మగవాళ్లతోనే చేశారు కాబట్టి ఫలితం తప్పని ముందే తీర్మానించకూడదు. ఆడవాళ్లతో చేసి చూసేదాకా అది అందరికీ వర్తిస్తుందనీ అనకూడదు.

సంస్కృతి దగ్గర నేనే ఒక తప్పు చేశాను. ఎం.ఏ. చదివే రోజుల్లో మా అక్క కూతురికి పద్నాలుగు నెలలు. ఒకరోజు అక్క గదిలోంచి బయటికి వెళ్లగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. తిరిగొచ్చి ఎత్తుకున్నా ఊరుకోలేదు. తల్లి కాసేపు వదిలి వెళ్లి తిరిగొస్తే పసిపిల్ల ఎలా ఉంటుందో చూసి అనుబంధాన్ని అంచనా వేసే ఐన్స్‌వర్త్ పరీక్ష 'స్ట్రేంజ్ సిచువేషన్' గురించి అప్పుడే చదివానేమో, పాపకు భద్రత లేని అనుబంధమని అక్కతో అనేశాను. అక్క చాలా రోజులు దిగులు పడింది. అమ్మమ్మ ఒళ్లో, పక్కింటి పిన్ని చంకలో పెరిగిన ఆ పిల్ల పుట్టాక ఒక్క నిమిషమైనా ఒంటరిగా లేదని నాకు తట్టలేదు. బాల్టిమోర్‌లో తయారైన పరీక్ష అది. జపాన్‌లో సప్పోరో పిల్లలతో చేసినప్పుడు, తల్లిని ఎప్పుడూ వదలని ఆ పసివాళ్లు తట్టుకోలేక చాలాసార్లు మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. కాబట్టి అడగండి: ఈ పరీక్ష పిల్ల అనుబంధాన్ని కొలిచిందా, అలవాటు లేని ఒంటరితనాన్ని కొలిచిందా?

అలాగని "జపాన్ పిల్లలంతా ఇంతే" అనీ రాయకండి. 1988లో ఇదే పరీక్షతో చేసిన 8 దేశాల 32 అధ్యయనాలను కలిపి చూస్తే, దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కంటే ఒకే దేశంలోపలి తేడాలే ఎక్కువని తేలింది. ఆ 32లో 18 అమెరికావే అన్నదీ మార్జిన్‌లో రాయండి.

ఇక పుట్టుకా, పెంపకమా. "మ్యాథ్స్ వాళ్ల రక్తంలోనే ఉంది" అని మా స్టాఫ్ రూమ్‌లో కూడా అంటుంటారు. వంశపారంపర్యం ఇన్ని శాతం అనే అంకె కనిపిస్తే, దాన్ని ఏ ఒక్క పిల్లవాడికీ అంటగట్టకండి. ఒక సమూహంలో మనుషుల మధ్య ఉన్న తేడాల గురించి చెప్పే అంకె అది. సమూహం మారితే అదీ మారుతుంది. 2003లో టర్క్‌హైమర్ బృందం ఏడేళ్ల అమెరికా కవలల ఐక్యూలను చూసింది. కలిగిన ఇళ్లలో తేడాలకు ఎక్కువగా జన్యువులు కారణమయ్యాయి. పేద ఇళ్లలో జన్యువుల వాటా సున్నా దగ్గరికి పడిపోయి, ఇంటి పరిస్థితుల వాటా పెరిగింది. ఇక్కడా మార్జిన్‌లోని మొదటి ప్రశ్నే అడగాలి: ఎవరి మీద చేశారు?

మీ సిలబస్‌లో బాగా వచ్చిన ప్రయోగం ఒకటి తీసుకుని ఈ రాత్రే దాని మార్జిన్ నింపండి. ఖాళీగా మిగిలిన గడి ఏదో రేపు క్లాసులో ముందుగా దాన్నే అడగండి.